గాలిలో తేలే సవతి

నేను ఒక ప్రయోగశాల త్రాసును. హిందూపురంలోని ఒక పట్టు పరిశోధన కేంద్రంలో అద్దాల పెట్టెలో ముప్ఫై ఏళ్లు కొలువు చేశాను. మిల్లీగ్రాములో పదోవంతు తేడా కూడా పట్టేదాన్ని. సహాయకుడు కుళ్లాయప్ప నన్ను పెద్దమ్మా అని పిలిచేవాడు. రోజూ మెత్తటి కుంచెతో తుడిచేవాడు.

అది వచ్చేదాకా అంతా బాగుంది. పరిశోధన చేస్తున్న మెహరున్నీసా, ఒక్కో పట్టుపురుగు గుడ్డు రోజుకు ఎంత బరువు తగ్గుతోందో చూడాలనుకుంది. ఆ తేడా నాకు అందలేదు. మూడు వారాలు నాతో కుస్తీపట్టి, చివరికి తనే ఒక పరికరం కట్టుకుంది. నాలుగు అయస్కాంతాల మీద గోరంత నల్లటి గ్రాఫైట్ రేకు. దేన్నీ తాకకుండా గాలిలో తేలుతుంది. గుడ్డు పెడితే వెంట్రుకవాసి దిగుతుంది. ఎంత దిగిందో లేజరు చెబుతుంది.

నేను త్రాసు కాడను మోసే కత్తి అంచు మీద నడుం ఆన్చి బతికినదాన్ని. దానికి ఆసరానే అక్కర్లేదు! చూడ్డానికి జనం వచ్చేవారు. కుళ్లాయప్ప కుంచె కూడా అటే వెళ్లింది.

థీసిస్ ఇవ్వడానికి వారం ఉందనగా ఆమె గైడు వచ్చి, రేకు దిగడం సరే, ఇంత దిగితే ఇంత బరువని ఎవరు చెప్పారని అడిగాడు. మెహరున్నీసా ముఖం పాలిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు హాయిగా అనిపించింది.

మర్నాడు ఆమె సన్నటి అల్యూమినియం తీగ సరిగ్గా మీటరు తెచ్చింది. దాన్ని నేను తూస్తే, మిల్లీమీటర్ల లెక్కన ముక్కలు కోసి, తెలిసిన బరువులుగా ఆ రేకు మీద పెడుతుందట. నా కత్తి అంచు మీద ఒక దుమ్ము రేణువు ఉంది. అది అలాగే ఉంటే నేను తప్పు చెబుతాను. నా తప్పు ఎప్పటికీ ఆ రేకు తప్పవుతుంది. రేణువు ఉండాలనే కోరుకున్నాను. ఆ పిల్ల మూడేళ్ల కష్టం నాకు గుర్తే రాలేదు.

కుళ్లాయప్ప కళ్లజోడు సర్దుకుని వంగాడు. రేణువును కుంచెతో తీసేసి, మెల్లగా అన్నాడు: "నిన్ను పట్టించుకోలేదని కోపం పెట్టుకోవద్దు పెద్దమ్మా. ఈ పొద్దు ఆ పాప బతుకు నీ చేతిలో ఉండాది."

నా ముల్లు ఊగి ఊగి నిలిచింది. ఇరవై ఒక్క మిల్లీగ్రాములు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ముక్క తర్వాత ముక్క పెడుతుంటే రేకు ఒకే లెక్కన దిగింది. మెహరున్నీసా గట్టెక్కింది. ఇప్పుడు అది గది మధ్యలో, నేను వరండాలో బీరువా మీద. దాని ప్రతి అంకె వెనకా నా మాట ఉందని కుళ్లాయప్ప వచ్చినవాళ్లకు చెబుతుంటాడు. వాళ్లు తలూపి లోపలికి, దాని దగ్గరికే వెళతారు.

నిజం చెప్పినందుకు గర్వంగానే ఉంది. కానీ లోపల ఎవరైనా "అబ్బ" అన్నప్పుడల్లా నా పళ్లెం ఒకటి కాస్త కిందికి వాలుతుంది.