లంపానికి ఎర

కాంతయ్య రాత్రి మిగిలిన అన్నాన్ని కొబ్బరిచిప్పలో వేసి పిసుకుతున్నాడు. మెతుకులు మెతుకులుగా ఉంటే నీళ్లలో విడిపోతుంది, మరీ జావైతే గేలానికి నిలవదు. చిటికెడు బెలచాన్ కలిపి, ఆ ఎండురొయ్యల కంపు ఇల్లంతా కమ్మేదాకా మర్దించి, కోడిగుడ్డంత ఉండ చేశాడు. కన్నియమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో మొగుడు చేపలకి ఎర కలుపుతుంటే ఆవిడకి భయం వెయ్యడం ఇదే మొదలు.

"అన్నం గేటు దాటితే జైలని నీకు తెల్దేటి?"

"ఆపీసులో పెద్ద కిరాణయ్య గేటు కాడ సెప్తానన్నాడు కదే."

"సెప్తానన్నాడు లా. సెప్పినాడా?"

కాంతయ్య ఉండని అరిటాకులో చుట్టి, వానపాముల డబ్బాలో పైనే పెట్టాడు. దాచలేదు. దాస్తే దొంగతనం అవుతుందని అతని లెక్క.

బటాంగ్ బెర్జుంటై దగ్గరి ఆ రబ్బరుతోటలో కూలీల ఇళ్ల చుట్టూ అప్పుడు ముళ్లకంచె ఉండేది. సర్కారు మీద తిరగబడి అడవిలో ఉన్న తుపాకీవాళ్లకి గుప్పెడు మెతుకులు కూడా చేరకూడదని సర్కారు ఆజ్ఞ. రబ్బరుపాలు గీసేవాళ్లు తెల్లారి తిన్న దానితోనే మధ్యాహ్నం దాకా చాకిరీ చేసేవాళ్లు. గేటులో ఆడవాళ్ల కొప్పులు కూడా విప్పి చూసేవారు. ఏడాది తిరిగి ఆగస్టు వస్తే దేశానికి మెర్డెకా, స్వతంత్రం అట. అందాకా గంజి కూడా గేటు లోపలే తాగాలి.

కాంతయ్య ముప్పై ఒక్క ఏళ్లుగా కాలవలు తీసే మనిషి. మోకాళ్ల కిందంతా జలగలు పట్టిన మచ్చలు. కాలివేళ్లు బురదలో నిలబడీ నిలబడీ విడివిడిగా విచ్చుకుపోయి, ఏ చెప్పులోనూ ఇమడవు. పనిలో మంచి పేరూ లేదు, చెడ్డ పేరూ లేదు. అతనికున్న విద్యల్లా ఒకటే. నీళ్ల మీద బుడగ చూసి కింద ఏ చేప ఉందో చెప్పగలడు.

ఆ విద్యే కొంప మీదికి తెచ్చింది. తోట దొరకి గేలం పిచ్చి పట్టింది. తోట వెనకాల, కంచె అవతల పాడుపడిన తగరపు గని గుంటలో ఆర్నెల్లు కొరమీనన్నాడు. కొరమీనులు పలచబడితే జెల్ల అన్నాడు. జెల్ల ముల్లు బొటనవేల్లో దిగేసరికి దాన్నీ వదిలేశాడు. దొరగారి మనసు ఇక ఏ చేప మీదికి పోతుందన్నదే ఆఫీసులో పెద్ద చర్చ. అక్కడి హెడ్ గుమాస్తా, పెద్ద కిరాణి గోవిందన్, ఫైళ్లు పక్కన పెట్టి మరీ దాని గురించి బెంగపడేవాడు. దొర ఆదివారం బాగా గడిస్తేనే కిరాణికి సోమవారం బాగా గడుస్తుంది మరి.

"లంపం, అయ్యా. వరదకి గుంటలోకి దండిగా ఒచ్చినాది. ఎండిలా మెరుస్తాది, బాగా పోరుతాది. దొరకి నచ్చుతాది" అన్నాడు కాంతయ్య అతనితో, అడక్కుండానే. ఎవరు అడిగారు నాయనా నిన్ను!

లంపం వానపాముని చూస్తే మూతి తిప్పుకుంటుంది. అన్నం ముద్ద, చిన్న గేలం కావాలి. "నువ్వు ముందు వెళ్లి గుంట దగ్గర ఉండు, గేటులో నేను మాట్లాడతా" అన్నాడు గోవిందన్. "నీ కాయితం సంగతి సోమవారం చూద్దాం" అని కూడా అన్నాడు.

ఆ కాయితమే కాంతయ్యకి ప్రాణం. ఈ దేశపు మనిషిగా రాయించుకోవాలంటే నడవడి మంచిదని పెద్ద కిరాణి సంతకం కావాలి. కేసు ఉన్నవాడికి సంతకం ఉండదు. పైగా ఓడెక్కించి ఇండియాకి పంపేస్తారు. శ్రీకాకుళంలో దిగితే ఎవరి గుమ్మం తొక్కాలో అతనికి తెలీదు.

ఏడు గంటలకి గేటులో పకీరిసామి డబ్బా తెరిచాడు. కానిస్టేబులు టోపీ పెట్టకముందు కాంతయ్య దగ్గరే ఈత నేర్చుకున్నవాడు.

"ఇదేటి మామా?" అన్నాడు మెల్లగా.

"ఎర, తంబీ. పెద్ద కిరాణయ్యకి. లంపం పడతారంట. నీకు సెప్పనేదా?"

"నాకెవరూ సెప్పనేదు." పకీరిసామి అరిటాకుని బల్ల మీద పెట్టాడు. పక్కనున్న ఇద్దరు కానిస్టేబుళ్లు చూడనే చూశారు, ఇక మూసెయ్యడానికి లేదు. "ఆయన రానీ. లంపానికే అని ఒక్క మాట అంటే నిన్ను ఒగ్గేస్తాను."

కాంతయ్య కంచె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎనిమిదయింది. అరిటాకు చుట్టూ ఈగలు మూగాయి. కన్నియమ్మ మాట చెవిలో గింగురుమంటుంటే, వస్తాడు, చెప్తాడు, అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

కారు వచ్చింది. ముందు సీట్లో గోవిందన్ పక్కనే దొర ఉన్నాడు. అన్నం బయటికి పోతే తోలు వలుస్తానని నెలనెలా కూలీలందర్నీ నిలబెట్టి అరిచే దొర. ఆ దొర ముందు, అన్నం తెమ్మన్నది తనేనని కిరాణి ఒప్పుకోవాలి.

పకీరిసామి కిటికీ దగ్గరికి వంగాడు. "పెద్ద కిరాణయ్యా, ఇయాళ ఏ చేపకి?"

గోవిందన్ బల్ల మీది ఆకుని చూశాడు. దొర గడియారం చూసుకుంటున్నాడు.

"కొరమీనుకి" అన్నాడు గోవిందన్.

"కొరమీను అన్నం తినదు కదయ్యా."

"తినదు. కప్పని తింటుంది. ఎందుకు?"

కాంతయ్య లేచి నిలబడ్డాడు. "అయ్యా, లంపమన్నారు కదా" అన్నాడు.

"డేయ్, నా దగ్గర ఎప్పుడన్నా లంపం పట్టినావా నువ్వు?"

పట్టలేదు. నిజమే. ఇవాళే మొదలు.

ఇంకా చెప్పొచ్చు. చెప్తే వింటారా? విన్నా, రేపు కన్నియమ్మ ఉండేది ఈ గోవిందన్ ఇచ్చిన ఇంట్లోనే. కాంతయ్య నోరు మూసుకున్నాడు.

పకీరిసామి పోలీసు లారీని పిలిచాడు. దొర ఏమిటని అడిగి, తెలుసుకుని, తల పంకించి, సిగరెట్టు ముట్టించుకోడానికి కారు దిగి అవతలికి నడిచాడు.

"మీ అత్తకి సెప్పు తంబీ" అన్నాడు కాంతయ్య, లారీ వెనక ఎక్కుతూ. "కిరాణయ్య సెప్పనేదని సెప్పకు. నానే గేటు కాడ ఆగకుండా పోబోయినానని సెప్పు."

"సరే మామా."

ఆ వెళ్లడం మళ్లీ ఆ గేటు లోపలికి రాలేదు. మూడు నెలలు జైలు, ఆ తరవాత ఓడ.

లారీ కదిలే వేళకి గోవిందన్ ఒక్కడే కారు వెనక తలుపు తీశాడు. ఎవరూ అటు చూడటం లేదు. నాలుగు గేలపు కర్రలు బయటికి లాగి, కంచెకి ఆనించి, గబగబా కారెక్కేశాడు. కాంతయ్య నిన్న సాయంత్రం కట్టి ఇచ్చిన కర్రలవి. కొరమీనుకైతే చిటికెనవేలు వంచినంత గేలం కట్టాలి. అంతకన్నా చిన్నదైతే దాని నోట్లో నిలవదని తోటలో చిన్నపిల్లాడికైనా తెలుసు. ముళ్లకంచెకి ఆనించిన ఆ కర్రల చివర వేలాడుతున్న గేలాలు నాలుగూ వడ్లగింజంతే ఉన్నాయి.