కాలరుకు గుచ్చిన చీటీ

మా పిల్లకు మెసేజీలు పెట్టేవాణ్ని బ్లాక్ చేస్తే పోతాడనుకున్నాను, ఈ గుమ్మంలోంచి గెంటితే ఆ గుమ్మంలోంచి వచ్చాడు, మొదట పిల్లి బొమ్మ ఉన్న కొత్త అకౌంటుతో, తర్వాత పువ్వు బొమ్మతో, ముఖం లేనివాడికి ఎన్ని ముఖాలో, ఈ ప్యాంటు అంచు సాయంత్రానికి మడిచి ఇస్తానన్నాను, దారం సూదిలోకి ఎక్కదు, పదమూడేళ్ల పిల్లకు ఫోన్ ఎందుకే అని మా అక్క అంటూనే ఉంది, నేనే కొనిచ్చాను, ఈ కుట్టు షాపు పేజీ నడపడం ఇంట్లో దానికొక్కదానికే వచ్చు మరి, రీల్ అంటే ఏమిటో, రీచ్ అంటే ఏమిటో, డీఎం అంటే ఇంకెవరికీ కనబడకుండా నేరుగా మనకొచ్చే ఉత్తరమని అదే నేర్పింది, నేను పెట్టిన గులాబీల గుడ్ మార్నింగ్ చూసి అమ్మా ఇది క్రింజ్, తీసెయ్ అంది, అంటే ఏమిటే అంటే, పెట్టినవాళ్లకు కాక చూసినవాళ్లకు సిగ్గేస్తుంది చూడు, అదీ అని పడీ పడీ నవ్వింది, ఆ నవ్వు విని పదకొండు రోజులైంది.

ఆ నవ్వు ఆగిన రోజే దాని ఫోన్ లాక్కుని చూశాను, నీ యూనిఫాం భుజం పదమూడున్నర, చెయ్యి పందొమ్మిది, మీ స్కూలు వెనక గేటు నాకు తెలుసు, జవాబివ్వకపోతే అక్కడే నిలబడతా అని రాసి ఉంది, చదివి నేనేం చేశాను, వాణ్ని వదిలేసి దీన్ని పట్టుకున్నాను, ఎవడికిచ్చావే నీ కొలతలు, నిప్పు లేనిదే పొగ రాదు అన్నాను, నేనే, కన్నతల్లిని, నేనివ్వలేదమ్మా అని ఒక్కసారి అంది, చెంప మీద కొట్టాక ఇంకేమీ అనలేదు, వాళ్ల నాన్న ముందు నిలబెట్టి తప్పయిపోయింది అనిపించాను కూడా, అంది, అప్పటినుంచి బడికి పోదు, కిటికీ తెర తియ్యనివ్వదు, గది బయట పెట్టిన కంచం అలాగే ఉంటుంది.

మా కంప్లైంటు మీద పొద్దున షాపుకొచ్చిన సైబర్ పోలీసు మేడమ్ టీ తాగుతూ అడిగింది, వాడికి ఈ అంకెలు ఎక్కడివమ్మా, మీ షాపు పేజీ ఏదీ, చూపించాను, ఎనిమిది వందల మంది ఫాలోవర్లండీ అని కూడా చెప్పాను సిగ్గులేక, ఆవిడ రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసింది, కొత్త యూనిఫాంలో మా పిల్ల, కాలరుకు గుండుసూదితో నేను గుచ్చిన కొలతల చీటీ, ఇరవై ఏళ్లుగా ఏ బట్టకైనా గుచ్చుతాను, కవర్లోకి వెళ్లేదాకా తియ్యను, పేరు, తరగతి, స్కూలు, భుజం, చెయ్యి, అన్నీ నా గుండ్రటి చేతిరాతలో, కింద షాపు అడ్రసు, స్కూలు వెనక గేటుకు ఎదురుగా అని, ఇది పెట్టిందెవరు అంది, నేనేనండి, అది బడి నుంచి వచ్చేదాకా ఆగలేక నేనే పెట్టాను, మా బంగారం అని రాసి మరీ పెట్టాను, కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకుంటాం.

అంతటితో ఆగినా బాగుండేది, ఆవిడ మా పిల్ల ఫోన్ తీసుకుని ఆ మెసేజీలు పైకి, ఇంకా పైకి జరిపింది, నేను చివరివి చదివి ఊగిపోయాను తప్ప మొదలు చూడలేదు, వాడు మొట్టమొదట పంపింది ఆ ఫోటోనే, దాని కింద మా పిల్ల జవాబు, అది మా అమ్మ తెలియక పెట్టింది, ఆమెకు చెప్పకు, తట్టుకోలేదు, నేను జవాబిస్తాలే అని, ఇప్పుడు ఈ ప్యాంటు ఒళ్లోంచి జారింది, తీయలేదు, అంటే నా చెయ్యి లేచినప్పుడు దానికి అంతా తెలుసు, ఒక్క మాట అంటే చెయ్యి అక్కడే ఆగిపోయేది, ఆ మాట అనకుండా చెంప ఇచ్చింది.