నాచుచారులో తర్కదోషం

మనవరాలు సోరిమ్ సంచీ నేనే సర్దాను. హాల్‌టికెట్టు, గుర్తింపు కార్డు, చప్పుడు చెయ్యని వాచీ, మధ్యాహ్నానికి అన్నం డబ్బా. డబ్బాలో గుడ్డు పెట్టలేదు, సున్నాలా ఉంటుందని. మార్కులు అంటుకోవాలని పైన రెండు జిగురు మిఠాయిలు పెట్టాను. లా కాలేజీ ప్రవేశపరీక్ష దానికిది మూడోసారి. ఈసారీ తప్పితే ఇక రాయనని, దేగు పట్నంలో వాళ్ళ నాన్న టైర్ల కొట్లో కూర్చుంటానని వాళ్ళమ్మకు మాటిచ్చింది. మిగతావన్నీ బాగానే చేస్తుంది. వాదనలో తప్పు పట్టమనే ప్రశ్నల దగ్గరే బోల్తా పడుతుంది. ఎవరేం చెప్పినా దానికి సబబుగానే తోస్తుంది.

దానికితోడు ఆరోజే దాని పుట్టినరోజు. మా దేశంలో బాలింతలకు పెట్టేది సముద్రపు నాచుతో కాచిన చారు, అందుకే పుట్టినరోజున అది తాగకపోతే కన్నతల్లిని మరిచినట్టు. పరీక్షరోజున తాగితే ఆ నాచులాగే జారిపోతారు. నలభై ఆరేళ్ళకు అక్షరాలు నేర్చుకుని చాలా పుస్తకాలు చదివాను గానీ, ఈ రెండూ ఒకేరోజు వస్తే ఏం చెయ్యాలో ఎందులోనూ లేదు. చారు కాచి, మూతపెట్టి, పైన వార్తాపత్రిక కప్పాను.

సోరిమ్ వాసన పట్టేసింది.

“చారు కాచి దాస్తావేంటమ్మమ్మా?”

“అది సాయంత్రానికి. మీ మామయ్య అది తాగెళ్ళే డ్రైవింగ్ పరీక్ష తప్పాడు.”

“మామయ్య కారు వెనక్కి పోనిచ్చి గోడకి గుద్దాడు. మధ్యలో చారేం చేసింది?”

“కాలు జారింది.”

“మరి తాగి పాసైనవాళ్ళు?”

“వాళ్ళెవరూ నాకొచ్చి చెప్పలేదు.”

“సరే, నేనివాళ తాగి పాసయ్యాననుకో?”

“నా మిఠాయి చలవ.”

“తప్పితే?”

“ఇంకేముంది, చారే.”

“అంటే ఏది జరిగినా నువ్వే గెలుస్తావు!” అని అది గబగబా పుస్తకం తిరగేసింది. “దొరికావే ముసలీ! పన్నెండో ప్రశ్న! నాలుగుసార్లు చేసి నాలుగుసార్లూ తప్పాను.”

ఆ ప్రశ్న నేనూ చదివాను. అందులో ఒకడు దగ్గుకు వేరుముక్క అమ్ముతాడు. తగ్గితే వేరు గొప్పతనం, తగ్గకపోతే రోగి పథ్యం తప్పాడంటాడు.

“వాడు దొంగవైద్యుడే! వాడికీ నాకూ పోలికా?”

“నువ్వు ఫీజు తీసుకోవు, అంతే తేడా,” అని రెండు గిన్నెల చారు తాగింది. నేను చూడలేక కళ్ళు మూసుకున్నాను.

చెప్పులేసుకుంటూ పిలిచింది. “గేటు దాకా రావా?”

“రానే తల్లీ. నేను సాగనంపితే మనుషులు తిరిగి రారు.”

“ఎంతమందిని పంపావు? ఎంతమంది రాలేదు? రెండూ చెప్పాలి. నేనొచ్చేసరికి రాసిపెట్టు.”

బస్సు వేళైంది. ఆపేలోపే వెళ్ళిపోయింది. నా చెప్పు ఒకటి, దాని చెప్పు ఒకటి వేసుకుని నేనూ గేటు దాకా పరిగెత్తాను.

ఆ పగలంతా పాత క్యాలెండరు వెనక పేర్లు రాశాను. మా ఆయన పరాయిదేశం ఎడారిలో రోడ్లు వెయ్యడానికి రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ వచ్చాడు. రెండోసారి నా పేరు మరిచిపోయి మేస్త్రీ పేరుతో పిలిచాడు. కొడుకు సైన్యం నుంచి ఎనిమిది కిలోలు పెరిగొచ్చాడు. కూతురు బడికెళ్ళిన పన్నెండేళ్ళూ రోజూ వచ్చింది, ఆకలేస్తోందని అరుస్తూనే. పక్కింటి ఒబున్ ఆపరేషన్‌కెళ్ళి, తీసిన రాళ్ళు సీసాలో పట్టుకొచ్చి నాకే చూపించింది.

సోరిమ్ అయిదున్నరకు వచ్చింది.

“తప్పులు పట్టే ప్రశ్నలన్నీ నీ గొంతుతోనే చదివానమ్మమ్మా. ఒక్కటీ నమ్మలేదు!”

ఆ ఏడాది దానికి సీటు వచ్చింది.

కాగితం మీద నలభై ఒక్క పేర్లు తేలాయి. నలభైమంది తిరిగొచ్చారు. మా అన్న మాన్‌షిక్ పదిహేడేళ్ళవాడు, బడిదుస్తుల్లోనే ఉత్తరాది సైన్యంతో యుద్ధానికి వెళ్ళాడు, 1950 ఆగస్టు పద్నాలుగున. తిరిగి రాలేదు.