బంతిని చూడని ముఖం

జూనియర్ ఆర్టిస్టులంతా ఆమెను "పైచూపు" అని పిలిచేవారు. సూపర్ హీరో సినిమా అంటే చాలు, ఏజెంటు మొదటి ఫోన్ ఆమెకే. షూటింగు దగ్గర హీరో ఉండడు, ఎగరడమూ ఉండదు; అవన్నీ తర్వాత గ్రాఫిక్స్‌లో కలుపుతారు. హీరోకి బదులు పొడుగాటి కర్రకు కట్టిన టెన్నిస్ బంతి ఉంటుంది. గుంపంతా దాన్ని చూసి నోళ్లు వెళ్లబెట్టాలి. ఉత్త బంతిని చూసి కళ్లనీళ్లు పెట్టుకోవడం మాటలా? ఆమెకది మంచినీళ్ల ప్రాయం.

ఇంట్లో అత్తగారి దగ్గర మాత్రం ఆ పప్పులుడికేవి కావు. ఆవిడకు ఎగిరే హీరోలంటే ప్రాణం.

"ఏళ్ల తరబడి సినిమాల్లో ఉన్నానంటావు. ఏదీ, ఒక్కసారైనా నీ ముఖం కనపడిందా? వీపు చూడ్డానికి టికెట్టెందుకే, ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నాగా!" అనేది. నవ్వుతూనే అనేది గానీ, కోడలికి చురుక్కుమనేది.

అందుకే ఈసారి దర్శకుడు తనను చూపించి, "క్లోజప్ ఈవిడకి పెట్టండి" అన్నప్పుడు ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు.

షాట్ మొదలైంది. హీరో రాక్షసుణ్ణి పండ్ల బండిమీదికి విసిరాడనుకోవాలి. బండి మాత్రం నిజంగానే తుక్కుతుక్కైంది. బండివాడి వేషం వేసిన ముసలాయన కూలబడి, దొర్లిపోతున్న పండ్లను ఒళ్లోకి లాక్కుంటున్నాడు. అలా చెయ్యమని ఆయనకెవరూ చెప్పలేదు.

"బంతి! అందరూ బంతినే చూడాలి! చప్పట్లు!" అసిస్టెంటు డైరెక్టర్ గొంతు చించుకున్నాడు.

గుంపు చప్పట్లు కొట్టింది. ఆమె చూపు కిందికి, ముసలాయన మీదికి పోయింది. చప్పట్లకు చేతులు లేవలేదు.

"ఏమ్మా, నిద్రపోతున్నావా? ఇంకో బండి ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?" అని అసిస్టెంటు మండిపడ్డాడు.

చేజేతులా పోగొట్టుకున్నానని ఇంటికొచ్చి ఏడ్చింది. ఏజెంటు మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

సినిమా విడుదలయ్యాక అత్తగారే పట్టుబట్టి తీసుకెళ్లింది. హాలంతా ఈలలే ఈలలు. హీరో విసిరాడు, బండి విరిగింది, ముసలాయన కూలబడ్డాడు, చప్పట్లు మోగాయి. మధ్యలో రెప్పపాటు, తెరనిండా కిందికి చూస్తున్న ఆమె ముఖం! ఇంకో బండి లేదు మరి, తీసిందే వాడుకున్నారు.

కోడలు పక్కకు చూసింది. అత్తగారు ఈల వెయ్యబోయి ఆగిపోయింది.

"ఆ బండాయనకేమైందే?"

"తెలీదత్తయ్యా. మళ్లీ చూపించలేదు."

హీరో అప్పటికే ఇంకో వీధిలో ఇంకో మేడ పడగొడుతున్నాడు. జనం లేచి నిలబడి కేకలు పెడుతున్నారు. అత్తగారు లేవలేదు. చీకట్లో తడుముకుని కోడలి చెయ్యి పట్టుకుంది.

"అంతమందిలో నువ్వొక్కదానివే చూశావే" అంది.