అర్పణం మాస్టారి అద్దాలు

మా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పెద్దాయన్ని అందరూ అర్పణం మాస్టారు అంటారు. ఒక్కో జత పూర్తికాగానే దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ‘కృష్ణార్పణం’ అంటాడు. మిగతావాళ్ళకి అది ముచ్చట. నాకు మాత్రం ఒళ్ళుమంట. ముందు బల్ల దగ్గర కూర్చుని, డాక్టరు కాగితంలోని పవర్లు చూసి ఆయనకి చీటీలు రాసిచ్చేది నేను. ఎవరి పనికి వాళ్ళే పూచీ అనుకునే మనిషిని. ఈయన చూస్తే చేసిందంతా దేవుడికి అప్పగించేస్తున్నాడు. రేపేదైనా తేడా వస్తే ‘చేయించింది ఆయనే’ అని చేతులు దులుపుకోవడానికి కాదూ?

ఆరు నెలలుగా ఆయన మీద ఓ కన్నేసి ఉంచాను. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను కూడా.

“మాస్టారూ, బాగా కుదిరినవే ఇస్తారా దేవుడికి? చెడిపోయినవి కూడానా?”

“పూలు పెట్టేటప్పుడు వాడినవి ఏరి పారేస్తాం కదమ్మా. మన చెత్త తీసుకెళ్ళి ఆయన నెత్తిన పోస్తామా?”

మాటలకేం కొదవలేదు అనుకున్నాను.

ఈవేళ పొద్దున్నే ఒక దర్జీ ఆవిడ వేలికి కట్టుతో వచ్చింది. “మీరిచ్చిన జోడు పెట్టుకుంటే గుడ్డ ఒకచోట, సూది ఒకచోట కనిపిస్తున్నాయి. చూడండి, వేల్లో దిగింది!” అంది.

“మీ గ్రహచారం బాలేదేమోనండీ,” అని నోరు జారాను. ఆవిడ నన్ను కొరకొరా చూసింది.

యజమాని అద్దాలు మిషన్ మీద పెట్టి చూశాడు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగించి ఉన్నాయి. ఆయన మొహం ఎర్రబడింది. “ఇంకో పొరపాటు జరిగితే చేసినవాళ్ళు ఇంటికే అని పోయిన నెలే చెప్పానా లేదా? ఎవరి పనిది?”

నేను మాస్టారి వైపు తిరిగాను. అనండి స్వామీ, దేవుడే చేయించాడని ఇప్పుడనండి.

“బిగించింది నేనేనండీ. ముందు డాక్టరు కాగితంతో సరిచూసుకోవాలి. చూసుకోలేదు. తప్పు నాదే,” అన్నాడు మాస్టారు.

“అయితే రేపట్నుంచి రావద్దు,” అని యజమాని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఇంత సులువుగా ఒప్పుకుంటాడా? నాకు అనుమానం ఇంకా ముదిరింది. ఇందులో ఏదో మెలిక ఉంది. మాస్టారు పనిముట్లు సర్దుకుంటుంటే, ఊచకి గుచ్చిన పాత చీటీల్లోంచి ఆవిడ చీటీ లాగి డాక్టరు కాగితం పక్కన పెట్టాను.

కుడి గడిలో ఎడమ పవరు ఉంది. రాత నాదే. గుండ్రంగా, ముద్దుగా ఉంది.

చీటీ ఆయన ముందు పెట్టాను. “మాస్టారూ, ఇది మీకు తెలుసా?”

“ఆవిడ రాగానే తీసి చూశాను.”

“మరి నా పేరెందుకు చెప్పలేదు?”

“సరిచూడకపోవడం నా తప్పు, అది చెప్పాను. నీది నేను చెప్పేదేముంది తల్లీ?”

నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఈ ఉద్యోగం పోతే ఇల్లు గడవదని కాళ్ళు వెనక్కి లాగుతున్నా, చీటీ పట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళాను.

ఆయన రెండు కాగితాలూ చూశాడు. “ఇదెలా జరిగింది?”

‘ఏదో గ్రహచారమండీ’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“నేనే తప్పు రాశానండీ.”