సగం ముఖం

ముక్కూమొహం తెలియనివాళ్లు ఆన్‌లైన్‌లో సాయం అడిగితే డబ్బు పంపాలా వద్దా అని మా ల్యాబ్‌లో ఎవరికి అనుమానం వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు. నాకూ అది గొప్పగానే ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఉన్నమాట చెప్పాలి కదా.

మాది కట్టుడు పళ్లు చేసే ల్యాబ్. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపుతారు. వెనక గదిలో బాబాయి వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు తీస్తాడు. ఆయన నాకు చుట్టమేం కాదు. పదకొండేళ్లుగా పక్కపక్కన పనిచేస్తున్నాం, అంతే. మైనం పని, పాలిష్ పని అయ్యాక పన్ను నా బల్ల మీదికి వస్తుంది. దానికి పింగాణీ పూసి, పక్క పన్ను రంగు తెప్పించి, ఏది దేవుడిచ్చిందో ఏది నేను చేసిందో తెలియకుండా చెయ్యడం నా పని. పొద్దస్తమానం నకిలీని అసలులా మార్చేదాన్ని కాబట్టి, ఎక్కడ నకిలీ ఉన్నా ఇట్టే పట్టేస్తానని నాకో పొగరు.

ప్రతి నెలా ఒకటో తారీఖున భోజనాలయ్యాక తొమ్మిది మందిమీ తలా కొంచెం వేసుకుని, ఆన్‌లైన్‌లో ఆదుకోమని అడిగేవాళ్లలో ఒకరికి పంపేవాళ్లం. మొదలుపెట్టింది పాలిష్ తమ్ముడు. నలభైకి దగ్గరపడుతున్నా ఎవరి కష్టం చదివినా కళ్లనీళ్లు పెట్టుకునే రకం. ఒకసారి చేతులు కాలిన పిల్లాడి కోసమంటే పంపించాం. ఆ ఫొటో ఎప్పటిదో పాతదని, ఆ పిల్లాడు ఈపాటికి గడ్డం గీసుకుంటూ ఉంటాడని తరవాత తెలిసింది. మాకు టోపీ వేశారని వారం రోజులు కుతకుతలాడాం. అప్పటినుంచి పరీక్ష చేసే పని నేను నెత్తినేసుకున్నాను. మొహం పూర్తిగా కనపడాలి, ఆసుపత్రి కాగితం పూర్తిగా కనపడాలి, ఫోన్ నంబరు ఉండాలి, చేస్తే ఎత్తాలి. వీటిలో ఏది లేకపోయినా పైసా ఇవ్వం. ఊరికే వదలం కూడా. పేజీ అడుగున ఉండే ఫిర్యాదు బటన్ అందరం నొక్కాలి. ఇంకొకరు మోసపోకుండా ఆపడం కూడా సాయమేనని నా వాదన. నాతో వాదించే ఓపిక అక్కడ ఎవరికీ లేదు.

ఆ నెల పాలిష్ తమ్ముడు ఫోను పట్టుకుని నా కుర్చీ దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఇది చూడు. భార్యకి గుండెలో కవాటం మార్చాలట. నెల్లోపు చెయ్యాలట. చదువుతుంటే ఏదోలా అయిపోయింది నాకు."

నేను పైకి చదివాను. కావాలనే దీర్ఘాలు తీస్తూ చదివాను. 'మా ఇంటావిడకి ఒకరిని అడగడం ఇష్టం లేదు. నాకు చేతకాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే అడగగలుగుతున్నాను.' కింద పేరు లేదు, 'ఒక భర్త' అని మాత్రం ఉంది. ఆసుపత్రి కాగితం పైభాగం మడిచి ఫొటో తీశారు. నంబరు లేదు. ఆమె ఫొటో ముక్కు కిందనుంచే ఉంది. పైగా నవ్వుతోంది.

"చావుబతుకుల్లో ఉన్న మనిషి ఇలా ఇకిలిస్తుందా?" అన్నాను. "పేరు లేదు, ఊరు లేదు, తలకాయ కూడా లేదు. ఇది పేషెంటా, టూత్‌పేస్ట్ ప్రకటనా?"

బల్ల చుట్టూ అందరూ ఘొల్లుమన్నారు.

"ఒకవేళ నిజమైతేనో అక్కా?"

"నిజమైనవాడు దాచుకోడు."

"దాచుకోడానికి వాడి కారణం వాడికుంటుందేమో అమ్మాయ్," అన్నాడు బాబాయి, అన్నం గిన్నె మూత బిగిస్తూ.

"నువ్వు మరీ వెన్నముద్దవి బాబాయ్. నీ చెవిలో పువ్వులు పెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు," అన్నాను. నొక్కండి నొక్కండి అంటూ హోంవర్కు చూసే టీచర్‌లా ఒక్కొక్కరి వెనకా నిలబడ్డాను. బాబాయి కళ్లజోడు కోసం జేబులన్నీ తడుముకున్నాడు. "కానియ్ బాబాయ్, నువ్వొక్కడివే మిగిలావ్," అన్నాను. జోడు దొరికింది. బటన్ నొక్కాడు. ఫోను జేబులో వేసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

మూడో రోజుకి పేజీ మాయమైంది. మా గ్రూపులో నేను చప్పట్ల బొమ్మలు పెట్టాను.

మళ్లీ పద్దెనిమిది రోజులకి ఒక డాక్టరు, నేను చేసిన పాత పళ్ల ఫొటోలేమైనా ఉంటే పంపమన్నాడు. ఫోన్లో వెతుకుతుంటే ఆ పేజీ ఫొటో తగిలింది. గ్రూపులో పెట్టడానికి నేనే దాని మీద ఎర్రగా కొట్టివేత గీశాను. తీసేద్దామని వేలు పెట్టాను. పెట్టినదాన్ని అలాగే ఉండిపోయాను.

పై వరసలో ఎడమపక్క రెండో పన్ను కొంచెం తిరిగి ఉంది. అంచు దగ్గర చిన్న తెల్లమచ్చ ఉంది. ఆ మచ్చ నేను పెట్టింది. ఆరేళ్లకిందట బాబాయి వాళ్లావిడ, మేమంతా పిన్ని అని పిలిచే మనిషి, మెట్ల మీద పడి పన్ను విరగ్గొట్టుకుంటే నేనే చేశాను. "మరీ తిన్నగా పెట్టకే, నాది ముందునుంచీ వంకరే. అద్దంలో చూసుకుంటే ఎవరో అనుకుని ఝడుసుకుంటాను," అంది అప్పుడు. రెండుసార్లు చెరిపి మళ్లీ చేశాను. ఆ పన్ను ఎదురుగా కనపడుతుంటే, ఆ రోజు నేను లేని కళ్లకోసం, లేని నంబరుకోసం వెతికాను. ఉన్నదాన్ని చూసి వెక్కిరించాను.

పిన్ని వాళ్ల చెల్లెలింటికి వెళ్లిందని, ఇప్పట్లో రాదని బాబాయి మాకు చెప్పి రెండు నెలలయింది.

వెనక గదిలో అచ్చుల్లో బుడగలు పోయేలా కుదిపే మిషన్ గుర్రుమంటోంది. ఫోను ఆయన ముందు పెట్టాను. చూసి మిషన్ ఆపాడు. చేతులకున్న ప్లాస్టర్ తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఇది పిన్నేనా బాబాయ్?"

"ఊఁ. ఆసుపత్రిలో ఉందమ్మా."

"మాకు చెప్పాలనిపించలేదా? మేమంతా ఏమైపోయాం?"

"మీ పిన్ని నాచేత ఒట్టు వేయించుకుంది." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మైనం పనిచేసే ఆవిడ మొగుడికి బాగోలేనప్పుడు మనమంతా తలా ఇంత ఇచ్చాం కదా. తరవాత ఆవిడ కొత్త చెప్పులేసుకొస్తే, అప్పుడే చెప్పులు కూడానా అన్నావు నువ్వు. సరదాకే అన్నావులే. నేనూ ఇంటికెళ్లి సరదాకే చెప్పాను. మీ పిన్ని అది మనసులో పెట్టుకుంది. రేపు బతికి బట్టకడితే, చెప్పులు కొనుక్కోవాలన్నా మీ మొహాలు చూడాల్సొస్తుంది, వద్దంది. తెలియనివాళ్లని అడగండి, వాళ్లకి నా కాళ్లు కనపడవు అంది."

ఫోను వెనక్కి తీసుకుని తెర ఆర్పేశాను.

"నీ రూల్స్ నాకు తెలియనివా అమ్మా? మొహం పెడితే మీరు గుర్తుపడతారు. నంబరు పెడితే నువ్వే చేస్తావు. ఏం చెయ్యను?"

"మరి నువ్వెందుకు నొక్కావు బాబాయ్?"

"నువ్వు నా వెనకే నిలబడ్డావు కదమ్మా."

ఆపరేషన్‌కి కావలసిన దాంట్లో ముప్పాతిక వంతు అప్పటికే వచ్చిందట. తొమ్మిది ఫిర్యాదులు ఒకేసారి పడేసరికి పేజీ ఆపేసి, ఇచ్చినవాళ్లకి ఇచ్చింది ఇచ్చినట్టు తిప్పి పంపేశారట. అప్పుడు ఆయన పూర్తి ఫొటో, పూర్తి కాగితం పంపితే, విచారణకి ఇరవై రోజులు పడుతుందన్నారట.

ఆ సాయంత్రంలోగా డబ్బు పోగైంది. ల్యాబ్ నడిపే మేడమ్ సగం తనే ఇచ్చింది. మైనం పనిచేసే ఆవిడ అందరికంటే ముందు తెచ్చి బల్ల మీద పెట్టింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. పాలిష్ తమ్ముడు నావంక చూడకుండా ఏడుస్తూ నిలబడ్డాడు. ఆ డబ్బు పట్టుకుని, బాబాయిని వెంటపెట్టుకుని, నేను పరుగున ఆసుపత్రికి వెళ్లాను. కట్టేస్తే రేపే చేసేస్తారన్నట్టు.

పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోమన్నాడు. గుండె బాగా ఉబ్బిపోయిందన్నాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, ఇప్పుడు మత్తిచ్చినా తట్టుకోలేదన్నాడు. రోజులే ఉన్నాయన్నాడు. "మూడు వారాల ముందైతే..." అని మొదలుపెట్టి, బాబాయి మొహం చూసి ఆపేశాడు.

వరండాలో బల్ల మీద కూలబడ్డాను. చేతులు కాలిన ఆ పిల్లాడి పేరుతో మోసపోయినప్పుడు మాకు పోయింది ఒక్కొక్కరికి ఒక పూట భోజనం ఖర్చు. దానికి వారం రోజులు ఏడ్చి, ఇంకెప్పుడూ మోసపోకూడదని ఇన్ని తాళాలు వేశాను. అలాంటి టోపీలు వంద పెట్టుకుని తిరిగినా నాకేమీ అయ్యేది కాదు. బాబాయి వచ్చి, పిన్ని పిలుస్తోందన్నాడు.

పిన్ని సగానికి సగమైపోయింది. తలకింద మూడు దిళ్లు పెట్టారు. నన్ను చూడగానే నవ్వింది.

"వచ్చావుటే? అయితే ఈయన చెప్పేశాడన్నమాట. ఒట్టు తీసి గట్టున పెట్టాడు." రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. "ఆ తెలియనివాళ్లని ఏమీ అనకు. మొదట్లో బాగానే ఇచ్చారు పాపం. తరవాతే ఎవరూ నమ్మలేదట. తప్పు నాదే."

"నీ తప్పేంటి పిన్నీ?"

"ఫొటోకి నవ్వకు, కాస్త దిగులుగా పెట్టు మొహం అని ఈయన చెప్తూనే ఉన్నాడు. ఫోను ఎదురుగా పెడితే నాకు నవ్వాగదు కదా. అలా పళ్లికిలిస్తే జబ్బంటే ఎవరు నమ్ముతారు చెప్పు? ఆ ఒక్క నిమిషం బిగబట్టుకుని ఉంటే, ఈయనకి ఈ తిప్పలు తప్పేవి."

బాబాయి కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. ఆమెకి ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో నాకు అర్థమైంది. నన్ను కాపాడాడు. కానీ ఆమె ఆ తప్పు తనదనుకుంటూ వెళ్లిపోవడం నేను చూడలేకపోయాను.

"నీది కాదు పిన్నీ, నాది. ఆ పేజీ ఆపించింది నేనే. నీ ఫొటో చూసి నేనే నవ్వాను. అందర్నీ నవ్వించాను. అందరిచేతా నేనే నొక్కించాను."

చెప్తూనే ఏడ్చేశాను. పిన్ని నా చెయ్యి తీసుకుని తట్టింది.

"చాల్లే ఊరుకో. నేను బాధపడుతున్నానని లేనిపోనిది నీ నెత్తినేసుకుంటావా? నాకామాత్రం తెలియదూ? నువ్వు చూసి ఉంటే నన్ను గుర్తుపట్టకుండా ఉంటావుటే?"

బాబాయి ఇటు తిరిగాడు. వద్దని తల ఊపలేదు, చెప్పమనీ అనలేదు.

"గుర్తుపడతాను పిన్నీ. ఎందుకు పట్టను?" అన్నాను.

ఆమె నమ్మింది.