నూనె మరచిన ట్యాంకు

ట్యాంకులో నురగ ఎప్పటికన్నా ముందే పైకి లేచింది. మామూలు రోజైతే మావయ్య మొహం చేటంత అయ్యేది. గాజు కిటికీకి ముక్కు ఆనించి, "నా పిల్లలు ఆకలి మీదున్నాయి" అని అందరికీ వినపడేలా చెప్పేవాడు. ఇవాళ నడుం మీద చెయ్యి వేసుకుని ఊరికే చూస్తూ నిలబడ్డాడు.

పిల్లలంటే బ్యాక్టీరియా. చక్కెర నీళ్ళు తాగి ఒంట్లో నూనె పోగేసుకునేలా వాటి జన్యువులను మార్చింది పెద్దమేడమ్. ఆ నూనె కొంత ఇంజన్లకు ఇంధనంగా, కొంత యంత్రాలకు గ్రీజుగా వెళ్ళేది. మేడమ్ రిటైరయ్యాక ట్యాంకు మావయ్య చేతికి, పరీక్షలు ఆయన మేనకోడలి చేతికి వచ్చాయి. షెడ్డులో వాళ్ళిద్దరినీ కలిపి 'మేనమామ అండ్ కంపెనీ' అనేవారు.

కొన్నాళ్ళుగా నూనె తగ్గుతూ వచ్చింది. పోయినసారి ట్యాంకులో చారిక కూడా లేదు. ఈసారీ రాకపోతే షెడ్డు మూసేస్తామని మేనేజరు చెప్పి వెళ్ళాడు. కోపంగా చెప్పి ఉంటే ఇద్దరూ ఎదురు మాట్లాడేవాళ్ళేమో. ఆయన కూర్చోకుండా, కళ్ళలోకి చూడకుండా, నెమ్మదిగా చెప్పాడు.

మేనకోడలు ట్యాంకు నీటి బొట్టులో రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. నూనె ఉన్న కణంలో ఆ రంగు నారింజ చుక్కలా వెలగాలి. కణాలు ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా ఒక మూల ఒకే ఒక్క చుక్క కనిపించింది.

"ఉన్నాయా?" అన్నాడు మావయ్య.

"ఒకటి కనపడింది."

"ఒకటుందంటే ఉన్నట్టేగా. ఇంకాస్త చక్కెర పోద్దామా?"

"పోస్తే మిగతావే తినేస్తాయి మావయ్యా."

"పోనీ, వాటిని మాడ్చేస్తే?"

"వాటిని మాత్రమే ఎలా మాడుస్తాం? అన్నిటిదీ ఒకే కంచం కదా."

"ఇంత చదివావు, పనికొచ్చే మాట ఒక్కటి చెప్పవే" అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

ఆమె ఏమీ అనుకోలేదు. పెద్దమేడమ్‌కు ఫోను చేసి స్పీకరు పెట్టింది. మేడమ్ అంతా విని ఒకటే అడిగింది.

"తోడు ఎక్కణ్ణుంచి వేస్తున్నారు?"

ట్యాంకు కొత్తగా నింపినప్పుడల్లా ముందుగా కలిపే బ్యాక్టీరియాను ఆ షెడ్డులో తోడు అంటారు.

"అంతకుముందు నింపిన ట్యాంకు నుంచే మేడమ్. అందులోనూ బాగా పొంగినదాన్ని ఏరి మరీ" అన్నాడు మావయ్య. గొంతులో కాస్త గర్వం ఉంది.

మేడమ్ మెల్లగా విడమరచి చెప్పింది.

"నూనె చేసేది మూట మోస్తూ నడుస్తుందండీ. చేయడం మానేసినది ఖాళీ చేతులతో పరిగెడుతుంది. మీరు ప్రతిసారీ ముందొచ్చినదాన్నే ఏరి పోశారు. సరే, ఫ్రీజర్లో నేను దాచిన మొదటి తోడు సీసాలున్నాయిగా?"

మేనకోడలు మావయ్య వంక చూసింది. ఆయన నేల వంక చూశాడు.

"అవి లేవడానికి బద్ధకిస్తున్నాయని కొత్తవి నింపాం మేడమ్" అంది ఆమె. "బాగా పొంగినదాంతోనే. పాతవాటిని ఆవిరిలో ఉడికించి పారేశాం."

"అన్నీనా?"

"చోటు లేక..."

"నేను వచ్చేటప్పుడు అన్నీ అక్కడే అప్పజెప్పి వచ్చానమ్మా. నా దగ్గర ఏమీ లేదు." అది చెప్పి, "ఇద్దరూ ఏమైనా తిన్నారా?" అంది మేడమ్.

ఆ ఒక్క చుక్క మీదే ఆశ పెట్టుకుని ఆమె ట్యాంకు నీటిని పలచగా చేసి, మేతలో అదే రంగు కలిపిన గాజు పళ్ళేల మీద పరిచింది. మర్నాటికి ఒక్కో కణం పెరిగి తెల్లటి మచ్చలు లేచాయి. వాటి మధ్య ఆవగింజలో సగమంత నారింజ మచ్చ. ఊపిరి బిగబట్టి సూది మొనతో దాన్ని ఎత్తి చిన్న సీసాలో వేసింది. మొదట చూసినప్పుడు చుక్కలే చుక్కలు. మావయ్యను పిలిచి చూపించింది. ఆయన మైక్రోస్కోపుకు కళ్ళు ఆనించి అలాగే ఉండిపోయాడు.

మళ్ళీ చూస్తే చుక్కలు పలచబడ్డాయి. ఆ తర్వాత చూస్తే ఇంకా పలచబడ్డాయి. నూనె పని మానేసినది ఒక్కటి పుడితే చాలు, సీసా దాని సంతతితో నిండుతుంది. మళ్ళీ పరిచి, మళ్ళీ ఏరి, మళ్ళీ వేసింది. అంతకన్నా త్వరగా అవి నూనె చేయడం మరచిపోతున్నాయి. ఏ మందు పోసి, ఏ మాట చెప్పి ఆపాలో ఆమెకు తెలియలేదు. చూడటం మాత్రమే తెలుసు.

మేనేజరు నుంచి కబురు వచ్చింది. ట్యాంకు ఖాళీ చేయాలి. జన్యువులు మార్చినవి బతికుండగా కాలవలోకి వదలకూడదు కాబట్టి ముందు ఆవిరి పెట్టాలి.

మావయ్య ఆవిరి వాల్వు చక్రం పట్టుకున్నాడు.

"సీసాలో ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. సాయంత్రానికి ఉండవు."

ఆయన తల ఊపి చక్రం తిప్పబోయాడు. అది కదల్లేదు. గుడ్డ వేసి పట్టుకున్నా కదల్లేదు.

"ఇలా రా, ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు.

ఆమె వెళ్ళి ఆయన చేతుల పక్కన తన చేతులు వేసింది. ఇద్దరూ కలిసి తిప్పారు.